పారిశ్రామిక వాడలో తొలి అరగంట వాన

ఏటా తొలకరి పడిన మర్నాడు హైదరాబాదు చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడలు పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, జీడిమెట్ల పరిసరాల నుంచి దాదాపు ఒకే రకం వార్త వస్తుంది. కాలువలో నురగ పొంగింది, చెరువు నీరు రంగు మారింది, చేపలు చచ్చి తేలాయి, రాత్రంతా ఘాటు వాసనకు కిటికీలు మూసుకుని పడుకోవలసి వచ్చింది అని ఊరివాళ్లు చెబుతారు. వాన మాటున కంపెనీలు ట్యాంకులు తెరిచేశాయని ఆరోపిస్తారు. కంపెనీలవాళ్లు తమ శుద్ధి కేంద్రం మీటర్లలో అంకెలన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని బదులిస్తారు. అధికారులు రెండు రోజుల తర్వాత వచ్చి చెరువులో నమూనా తీసుకుని వెళతారు. వ్యర్థ జలాల పరీక్షల పనిలో కొన్నేళ్లు గడిపినవాడిగా నాకు అనిపించేది ఏమిటంటే, ఈ తగవులో రెండు పక్షాలూ నిజమే చెబుతున్న సందర్భాలు ఉండవచ్చు, రెండు పక్షాలూ తప్పు చెబుతున్న సందర్భాలూ ఉండవచ్చు. అది తేల్చగలిగిన నీరు మాత్రం వాన మొదలైన అరగంటలో ఫ్యాక్టరీ గోడ కింద నుంచి పారిపోయింది, దాన్ని ఎవరూ సీసాలో పట్టలేదు.

పరిశ్రమల కాలుష్యం అనగానే మనకు గొట్టం గుర్తుకొస్తుంది. గొట్టం చివర శుద్ధి కేంద్రం, దాని చివర మీటరు, ఆ మీటరు చూపే సీవోడీ (నీటిలోని మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజను), పీహెచ్, ఇలాగే సాగుతుంది ఆలోచన. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలు, ఆ నియమాల ఆరో షెడ్యూలులోని ప్రమాణాలు, అన్నీ ప్రధానంగా ఈ గొట్టాన్ని దృష్టిలో పెట్టుకునే అమలవుతున్నాయి. నదిలోకో వాగులోకో వదిలే వ్యర్థ జలంలో లీటరుకు సీవోడీ 250 మిల్లీగ్రాములు, బీవోడీ (ఆ మలినాలను తినే సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజను) 30, తేలాడే ఘన కణాలు 100, నూనె, గ్రీజు 10, సీసం 0.1 మించకూడదని ఆ షెడ్యూలు చెబుతుంది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యధిక కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలని ఆదేశించినప్పుడు కూడా ఆ మీటర్లు పెట్టినది శుద్ధి కేంద్రం బయటి ద్వారం దగ్గరే. అదే ఆవరణలో పైకప్పుల మీదుగా, సిమెంటు యార్డు మీదుగా, డ్రమ్ముల షెడ్డు ముందు నుంచి, బొగ్గు బాయిలరు బూడిద కుప్పల పక్క నుంచి పారి వేరే కాలువలో పడే వాన నీటికి మీటరు లేదు. అనుమతి పత్రాల్లో వరద కాలువలు వేరుగా ఉండాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. వేరుగా ఉన్నాయా అన్నదే తనిఖీలో చూస్తారు గానీ, వేరుగా ఉన్న ఆ కాలువలో ఏమి పారుతోందన్న ప్రశ్న చాలా అరుదుగా వస్తుంది.

ఆ నీటిలో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాదు ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. నవంబరు నుంచి మే దాకా, మధ్యలో పడే మామిడి జల్లులను మినహాయిస్తే, యార్డు ఎండుతూనే ఉంటుంది. ఆ నెలలన్నిటా లారీల టైర్ల నుంచి, బ్రేకుల నుంచి రాలిన పొడి, ఫోర్క్‌లిఫ్టుల నుంచి కారిన నూనె, రియాక్టరులోకి పొడి పోసేటప్పుడు గాలికి ఎగిరి కప్పు మీద వాలిన దుమ్ము, ట్యాంకరు హోస్ విప్పేటప్పుడు చిందిన ద్రావకం, బాయిలరు బూడిద, కుప్పగా పడేసిన తుప్పు ఇనుము, ఇవన్నీ నేల మీద పేరుకుంటాయి. గాల్వనైజ్డ్ రేకుల కప్పులయితే అవే ఒక వనరు. వాన నీరు స్వతహాగా కొంచెం ఆమ్లగుణం కలది కాబట్టి రేకు మీది జింకును కరిగించుకుని దిగుతుంది, ఆ నీటిలో జింకు లీటరుకు వందల మైక్రోగ్రాములు, ఒక్కోసారి వేలల్లో కూడా కనిపిస్తుంది. ఏ తప్పూ చేయని, ఒక్క చుక్క కూడా దొంగచాటుగా వదలని ఫ్యాక్టరీ నుంచి కూడా ఈ నీరు వస్తుంది. టైరు పొడి వంటి మామూలు వస్తువు ఎంత పని చేయగలదో 2020 చివరిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు శాస్త్రవేత్తలు చూపించారు. వానల తర్వాత వాగుల్లో కోహో సాల్మన్ చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ల తరబడి వెతికి, టైరు రబ్బరులో కలిపే ఒక రసాయనం ఓజోనుతో కలిసి మారిన రూపమే కారణమని తేల్చారు.

వాన మొదలైనప్పుడు ఇదంతా ఒకే తీరున కొట్టుకుపోదు. మొదటి కొద్ది మిల్లీమీటర్ల వానకే పైపైన ఉన్న దుమ్ము, నూనె, కరిగే లవణాలు చాలా భాగం కదిలిపోతాయి. ఆ తర్వాత ఎంత కుండపోత కురిసినా నీరు అంతకంతకు తేటపడుతుంది. దీన్నే ఈ రంగంలోవాళ్లు ఫస్ట్ ఫ్లష్ అంటారు, నేను తొలి వరద అంటాను. దీనికి రెండు షరతులు ఉన్నాయి, రెండూ మన విషయంలో ముఖ్యమైనవే. ఒకటి, ముందున్న పొడి కాలం ఎంత ఎక్కువైతే తొలి వరద అంత చిక్కగా ఉంటుంది. ఏడు నెలల ఎండ తర్వాత వచ్చే మృగశిర కార్తె వాన ఏడాది మొత్తానికి తొలి వరద అన్నమాట. రెండు, పరీవాహకం చిన్నదైతేనే తొలి వరద స్పష్టంగా కనిపిస్తుంది. పది ఎకరాల యార్డులో అన్ని మూలల నీరూ కొద్ది నిమిషాల తేడాతో కాలువ నోటికి చేరుతుంది గనుక మొదటి సీసాకు, పదో సీసాకు తేడా కళ్లకు కనబడుతుంది. వాగు దగ్గరికొచ్చేసరికి దగ్గరి ఫ్యాక్టరీ తేట నీరూ, దూరపు ఫ్యాక్టరీ చిక్క నీరూ ఒకే సమయంలో కలిసి వస్తాయి, తేడా చెరిగిపోతుంది. నమూనా తీయవలసిన చోటు ఫ్యాక్టరీ గోడ దగ్గరే గానీ ఈ వాడల నీరు చేరే నక్కవాగు వంతెన దగ్గర కాదని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

అంకెలు వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పది ఎకరాల ఆవరణ అంటే సుమారు 40,470 చదరపు మీటర్లు. అందులో ఎక్కువ భాగం కప్పులు, సిమెంటు కాబట్టి, పడినదాంట్లో 80 శాతం పారుతుందనుకుంటే, మొదటి 10 మిల్లీమీటర్ల వానకే దాదాపు 3 లక్షల 24 వేల లీటర్ల నీరు బయటికి వెళుతుంది. ఆ నీటిలో సీవోడీ లీటరుకు 400 మిల్లీగ్రాములనుకుందాం. ఇది నేను లెక్క కోసం వేసుకున్న అంకె, ఏ ఒక్క ఫ్యాక్టరీదీ కాదు. అప్పుడు ఆ పది మిల్లీమీటర్లు మోసుకుపోయే భారం సుమారు 130 కిలోలు. రోజుకు 50 వేల లీటర్ల శుద్ధి చేసిన నీటిని సరిగ్గా 250 మిల్లీగ్రాముల పరిమితిలో వదిలే కేంద్రం నుంచి రోజుకు పోయేది 12.5 కిలోలు. అంటే మీటరు రోజూ పట్టి చూపుతున్న పదిరోజుల భారం, మీటరు లేని కాలువలో అరగంటలోపు వెళ్లిపోయింది. జీరో లిక్విడ్ డిశ్చార్జి ఫ్యాక్టరీ అయితే ఈ పోలికకే అర్థం లేదు, ఎందుకంటే కాగితం మీద దాని నుంచి బయటికి వచ్చేది సున్నా.

వాన నీటితో పలచబడి పోతుంది కదా అన్న వాదన ఇక్కడే వస్తుంది. పెద్ద నది ఒడ్డున ఉన్న ఊరిలో ఆ మాటకు కొంత విలువ ఉంటుందేమో గానీ, తెలంగాణలో మన నీరు ముందుగా చేరేది చెరువుకు. కాకతీయుల కాలం నుంచి అలవాటైన గొలుసుకట్టులో పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీరు వస్తుంది. మే నెలాఖరుకు చెరువు అడుగంటి ఉంటుంది. తొలకరి వరద వచ్చి పడేది ఆ ఖాళీ కడుపులోకే. అలుగు పారడం, ఒకవేళ పారితే, ఆగస్టులోనో సెప్టెంబరులోనో. కాబట్టి ఏడాది మొత్తంలోకెల్లా చిక్కటి నీరు ఏడాది మొత్తంలోకెల్లా తక్కువ నీటిలో కలిసి, అక్కడే నిలబడి, తనలోని మట్టిని, లోహాలను అడుగున దించి, ఆ తర్వాతే తేట వరదకు దారి ఇస్తుంది. కింది ఊరికి వెళ్లే అలుగు నీరు బాగానే కనిపించవచ్చు. చెరువు అడుగు బురద మాత్రం ప్రతి ఏటి తొలి వరదనూ దాచుకుంటూనే ఉంటుంది. గడ్డపోతారం, ఖాజీపల్లి, ఇస్నాపూర్ చెరువుల గురించి, బొల్లారం ఆసానికుంట గురించి మాట్లాడేటప్పుడు అమెరికా పుస్తకాల్లోని వాగుల లెక్కలు పనికిరాకపోవడానికి కారణం ఇదే. మృగశిర నాడు చేపలు తినే ఆనవాయితీ ఉన్న ప్రాంతంలో ఈ సంగతి పట్టించుకోకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

చేపల చావులో మనం తొందరపడి విషం అని తేల్చేసే దానికి చాలా సార్లు మామూలు కారణమే ఉంటుంది. ముప్పై డిగ్రీల నీటిలో ఆక్సిజను నిండుగా కరిగినా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. అది మూడుకు దిగితేనే చాలా చేపలు ఉపరితలానికి వచ్చి గాలి మింగడం మొదలుపెడతాయి. సేంద్రియ పదార్థం నిండిన తొలి వరద లోపలికి వచ్చి, అడుగున ఉన్న బురదను కూడా కలిపి లేపితే, సూక్ష్మజీవులు దాన్ని తినే క్రమంలో రాత్రికి రాత్రే ఆక్సిజను అయిపోతుంది. అందుకే చేపలు తెల్లవారుజామున తేలతాయి. అంటే ఏ కంపెనీ ఏ విషమూ వదలకపోయినా చేపలు చావవచ్చు, కానీ ఆ సేంద్రియ భారం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అప్పుడూ మిగిలే ఉంటుంది. నురగ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. కూకట్‌పల్లి వైపు పరికి చెరువు నుంచి ధరణీనగర్ మీదుగా పారే నాలాలో పెద్ద వానల తర్వాత ఇళ్ల ముందుకు కొట్టుకొచ్చే నురగను టీవీల్లో అందరూ చూసే ఉంటారు. అందులో పరిశ్రమల పాత్ర ఉండవచ్చు, ఇళ్ల సబ్బు నీరు, మురుగు ఎత్తు నుంచి దూకడమూ ఉండవచ్చు. నురగను చూసి మూలం చెప్పడం ఎవరి వల్లా కాదు.

మరి ఊరివాళ్లు చెప్పే దొంగచాటు విడుదల కట్టుకథా? కానే కాదు, ఈ ప్రాంతపు చరిత్ర ఆ అనుమానానికి కావలసినంత ఆధారం ఇచ్చింది. మందుల ముడిసరుకు తయారు చేసే బల్క్ డ్రగ్ పరిశ్రమలు పెరిగే కొద్దీ ఇసుకవాగు, నక్కవాగుల నీరు పాడైపోయి, నక్కవాగు కలిసే మంజీర దాకా ఆ ప్రభావం పాకితే, పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్ రావు వంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజా ప్రయోజన వ్యాజ్యం హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017 దాకా సాగింది. కేంద్ర మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక వాడలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు, 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతమన్న లెక్కలో విశాఖపట్నానికి 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదును మించిన అంకె అది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి నేలల్లో ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటి మూలకాలు సహజ స్థాయిని మించి ఉన్నట్టు ప్రచురించారు. ఇవేవీ వాన నీటి పరీక్షలు కావు, అవి జరిగిన రోజులూ వేరు; తర్వాత సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఆ ఉమ్మడి కేంద్రం నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. కానీ నేలలో, వాగు అడుగులో దిగినది ఎక్కడికీ పోలేదు, ప్రతి పెద్ద వరదా దాన్ని కొంత కదిలిస్తూనే ఉంటుంది. గొట్టం వేయడంతో కథ ముగిసిందనుకునేవాళ్లు ఈ పాత అప్పును మర్చిపోతున్నారు.

కాబట్టి అసలు ప్రశ్న ఇది. వాన పడుతున్నప్పుడు ఫ్యాక్టరీ గోడ దగ్గర కాలువలో పారుతున్న మురికి నీరు, యార్డు కడిగిన నీరా, ట్యాంకు తెరిచిన నీరా? ఇది తేల్చలేని విషయమని చాలామంది అనుకుంటారు, నా ఉద్దేశంలో చాలా సందర్భాల్లో తేల్చవచ్చు. యార్డు కడిగిన నీటిలో మట్టి కణాలు ఎక్కువ, కరిగిన లవణాలు తక్కువ. వాన నీటిలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది, మురికి యార్డు మీద పారినా మామూలుగా కొన్ని వందలకు మించదు. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో హై టీడీఎస్ అని వేరు చేసి, నీటిని ఆవిరి చేసి లవణాలను మిగిల్చే యంత్రాలకు పంపే ద్రవంలో అది పదివేలు దాటి ఉంటుంది. దాన్ని పదింతల వాన నీటిలో కలిపి వదిలినా దాదాపు వెయ్యి, ఒక్కోసారి అంతకు పైనే కనిపిస్తుంది, అలాంటి నీటిని రెండు వేల రూపాయల్లోపు దొరికే చేతి మీటరు కూడా పట్టేస్తుంది. జింకు, నూనె, మట్టి ఎక్కువగా ఉండి లవణాలు లేకపోతే కప్పులు, యార్డు. అమ్మోనియా, క్లోరైడు, సల్ఫేటు ఎక్కువగా ఉండి మట్టి తక్కువగా ఉంటే ప్రాసెసు నుంచి వచ్చినదని అనుమానించవలసిందే.

రెండో ఆధారం కాలక్రమం. పది పదిహేను నిమిషాలకొక సీసా చొప్పున గంటన్నర తీస్తే, యార్డు నీరైతే మొదటి సీసాల్లో అంకెలు ఎక్కువగా ఉండి క్రమంగా దిగిపోవాలి. వాన మొదలై గంట దాటాక, నేలంతా కడుక్కుపోయాక, హఠాత్తుగా అంకె పైకి లేస్తే అది వాన చేసిన పని కాదు. ఇందులో ఒక చిక్కు ఉందని ఒప్పుకోవాలి. నీటిని ఆవిరి చేసే యంత్రాల నుంచి దిగే లవణాలను సంచుల్లో కట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతారు. లారీ వచ్చేదాకా అవి ఆవరణలోనే ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు మామూలుగా 90 రోజుల దాకా నిల్వకు అనుమతిస్తాయి. ఆ సంచులు కప్పు లేని చోట తడిస్తే ఏ ట్యాంకూ తెరవకుండానే కాలువలో టీడీఎస్ వేలల్లో కనిపిస్తుంది. అయితే అది కూడా తడుస్తున్న కొద్దీ తగ్గుతూ పోవాలి. పైగా ఆ సంచులను ఆరుబయట పెట్టడమే నిబంధనల ఉల్లంఘన. తేడా ఏమిటంటే, ట్యాంకు తెరవడం నేరం, సంచులను తడవనివ్వడం అశ్రద్ధ. యాజమాన్యం మీద కేసు పెట్టాలా, షెడ్డు వేయించాలా అన్నది ఈ తేడాను బట్టే నిర్ణయం కావాలి. ఇప్పుడు మాత్రం రెండింటికీ ఒకటే నోటీసు, లేదా రెండింటికీ ఏమీ లేదు.

నమూనా తీయడం గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడే చాలా కేసులు వీగిపోతాయి. నూనె, గ్రీజు పరీక్షకు నీటిని గాజు సీసాలోనే పట్టాలి, ప్లాస్టిక్కు అయితే నూనె గోడలకు అంటుకుంటుంది. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ రెండుకు తగ్గించాలి, సీవోడీకి సల్ఫ్యూరిక్ ఆమ్లం, అన్నిటినీ మంచు మీద నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి. వాన ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఎన్ని రోజులు పొడిగా ఉంది, సీసా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు నిండింది అన్నవి రాయకపోతే తక్కినదంతా వృథా. జల కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షను ప్రకారం నమూనాను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే యాజమాన్యానికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో రెండు భాగాలు చేసి, సీలు వేయాలి. రాత్రి పదకొండు గంటలకు కుండపోతలో ఈ తంతు జరిపే అధికారిని నేను ఇంతవరకు చూడలేదు, వారిని తప్పుపట్టను కూడా. కాలువ నోట్లో ముందే బిగించి ఉంచితే వరద మొదటి లీటర్లతో తనంతట తానే నిండి, లోపలి బంతి పైకి తేలి మూత పడే సీసాలు ఉన్నాయి. అవి ఖరీదైనవీ కావు, ఇక్కడే తయారు చేయలేనివీ కావు.

అమెరికాలో ఇదంతా ఎలా మొదలైందో చూస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. అక్కడ కూడా 1972 నాటి చట్టం మొదట గొట్టాల వెంటే పడింది. 1978 నుంచి 1983 దాకా దేశవ్యాప్తంగా పట్టణాల వాన నీటిని కొలిచిన తర్వాతే, శుద్ధి కేంద్రాలు బాగుపడినా నదులు బాగుపడకపోవడానికి వాన నీరూ ఒక కారణమని ఒప్పుకుని, 1987లో చట్టాన్ని సవరించి, 1990లో పరిశ్రమల వాన నీటికి అనుమతి తప్పనిసరి చేశారు. అక్కడి సమాఖ్య అనుమతి పత్రం చెప్పే పద్ధతి సాదాసీదాగా ఉంటుంది: అంతకు ముందరి వానకు కనీసం 72 గంటల ఎడం ఉండాలి, కాలువ పారడం మొదలైన 30 నిమిషాల్లోపు నమూనా తీయాలి. దానితోపాటు మూడు నెలలకోసారి రంగులేని పారదర్శకమైన సీసాలో నీరు పట్టి రంగు, వాసన, తేటదనం, తేలే పదార్థాలు, అడుగున దిగే మట్టి, నురగ, నూనె పొర ఉన్నాయేమో కంటితో చూసి రాయాలి. సీవోడీకి 120, తేలాడే కణాలకు 100 మిల్లీగ్రాములన్న అంకెలు అక్కడ దాటితే జరిమానా పడే పరిమితులు కావు. దాటితే కారణం వెతికి యార్డు సరిచేయాలన్న సూచికలు. ఆ తేడా నాకు నచ్చుతుంది. వాన నీటికి కూడా గొట్టం నీటికి పెట్టినట్టే కఠిన పరిమితి పెట్టి, దాటిన ప్రతివాడినీ దోషి అంటే, నమూనా తీయడమే ఆగిపోతుంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు, చాలా ఫ్యాక్టరీలు తమ నమూనాలు తామే తీసుకుంటాయి గనుక ఏ వానను ఎంచుకోవాలన్నది వారి చేతుల్లోనే ఉంటుంది.

మనదగ్గర నగరపు లోపలి వాడల పరిస్థితి ఇంకో రకం. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ నీరు కూకట్‌పల్లి నాలా వైపు పారి హుస్సేన్‌సాగర్ చేరుతుంది. సాగరాన్ని కాపాడటానికి ఆ నాలా నీటిని చెరువుకు ముందే అడ్డగించి మళ్లించే ఏర్పాటు చేశారు. పొడి రోజుల్లో అది పనికొస్తుంది కూడా. వాన వచ్చిన రోజున ప్రవాహం ఆ గొట్టాలు పట్టలేనంతగా పెరిగి, అడ్డు మీదుగా దూకి సాగరంలోకే వెళుతుంది. తొలి వరద ఏ రోజున వస్తుందో ఆ రోజునే ఈ ఏర్పాటు పనిచేయదు. మళ్లింపు సామర్థ్యాన్ని పెంచుతామన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా నాకు కలిగే సందేహం ఒకటే: నాలా చివర ఎంత పెద్ద గొట్టం వేసినా అంత వరదను పట్టడం కుదరదు, పట్టగలిగేది ఫ్యాక్టరీ ఆవరణలోని మొదటి పది మిల్లీమీటర్లనే.

అది పట్టడానికి కావలసినవి ఏమంత గొప్పవి కావు. లోడింగు, అన్‌లోడింగు జరిగే చోటికి కప్పు, ద్రావకాల ట్యాంకుల చుట్టూ అతి పెద్ద ట్యాంకు నిండా ఉన్నదాన్ని మించి పట్టే గోడ, ఆ గోడలోని వాన నీటి వాల్వు ఎప్పుడూ మూసి ఉంచే అలవాటు, వ్యర్థ జలపు గొట్టాలు భూమిలో కాకుండా పైన కనబడేలా వేయడం. ఇవన్నీ చాలా ఫ్యాక్టరీల్లో ఇప్పటికే ఉన్నాయి. లేనిది తొలి వరద గుంట. పైన వేసిన లెక్క ప్రకారం పది ఎకరాలకు మూడు లక్షల లీటర్ల పైచిలుకు పట్టే గుంట కావాలి. అంత స్థలం లేదంటారు. ఆవరణ మొత్తానికి అక్కరలేదు. పరిపాలన భవనం కప్పు నీటినీ, పచ్చిక నీటినీ వేరు చేసి, డ్రమ్ములు, ట్యాంకర్లు, బూడిద తిరిగే రెండు మూడు ఎకరాలకే గుంట కడితే లక్ష లీటర్లలోపు సరిపోతుంది. ఆ నీటిని వాన వెలిశాక కొంచెం కొంచెంగా ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ శుద్ధి కేంద్రానికి, పంపవచ్చు. ఈటీపీ సామర్థ్యం నిర్ణయించేటప్పుడే ఈ నీటిని లెక్కలో వేసుకోకపోతే మాత్రం, జూలై నెలలో నిండిన గుంటను ఖాళీ చేయడానికి రెండో వానకోసం ఎదురుచూసే ఆపరేటరు తప్పక తయారవుతాడు; ఇక్కడే యార్డు నీరూ దొంగ విడుదలా ఒకటైపోతాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి వానకు ఏ గుంటా చాలదు, చాలవలసిన పనీ లేదు, అప్పటికి నేల కడిగేసి ఉంటుంది.

కాలుష్య నియంత్రణ మండలి చేయగలిగినదాంట్లో అన్నిటికంటే సులువైనది, ఈటీపీ దగ్గర ఉన్న ఆన్‌లైన్ మీటర్ల పక్కనే, ప్రతి బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ వరద కాలువ నోట్లో ఒక టీడీఎస్ ప్రోబు, నీటి మట్టం చూపే ఒక సెన్సరు, ఒక వానమాపకం పెట్టించడం. వాన లేనప్పుడు ఆ కాలువ పొడిగా ఉండాలి. పొడి రోజున మట్టం లేస్తే ఇంకేమీ అడగనక్కరలేదు, వెళ్లి చూడటమే. వానలో టీడీఎస్ గీత మొదట లేచి దిగితే యార్డు, మధ్యలో లేస్తే తనిఖీ. ఈ ప్రోబు నీరు విద్యుత్తును ఎంత మోస్తుందో చూసి లవణాలను అంచనా వేస్తుంది, అందులోనే ఒక పెద్ద లోపం ఉంది. టోలీన్, మిథిలీన్ డైక్లోరైడు వంటి ద్రావకాలు విద్యుత్తును మోయవు కాబట్టి అవి నీటిలో ఎంత ఉన్నా గీత కదలదు. వాటిని పట్టాలంటే సీసా నిండా, గాలి బుడగ లేకుండా పట్టిన నీటిని ప్రయోగశాలలో, ఆవిరయ్యే రసాయనాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పెట్టాలి. అందుకని మొదటి ప్రోబులను ద్రావకాలు తిరిగే ట్యాంకుల వైపు కాలువకు కాకుండా, హై టీడీఎస్ నిల్వ ట్యాంకులూ, లవణాల షెడ్డూ ఉన్న వైపు కాలువకు పెట్టడం మంచిది. ద్రావకాల వైపు కాలువకు తనంతట తాను నిండే గాజు సీసాలు పెట్టి, జూన్ మొదటి రెండు వానల నీటినైనా మండలి ప్రయోగశాలకు చేర్చాలి.